ఎస్.ఎన్.ఎం.పి ద్వారా సర్వరు హార్డువేరు పర్యవేక్షణ

సర్వరు హార్డువేరు పర్యవేక్షణ అనగా సర్వరు కంప్యూటరులోని ఫ్యానులు, విద్యుత్ సరఫరా యూనిట్లు, డిస్కులు, మెమొరీ, ప్రాసెసరు వంటి భౌతిక భాగాల స్థితిని దూరం నుండి క్రమం తప్పకుండా తెలుసుకొనుట. ఈ పనికి విస్తృతంగా వాడుకలో ఉన్న నియమావళి ఎస్.ఎన్.ఎం.పి. దీని పూర్తి పేరు సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్. తెలుగులో దీనిని "సరళ నెట్‌వర్కు నిర్వహణ నియమావళి" అనవచ్చును. ఒక కంప్యూటరు ప్రశ్న వేస్తుంది. సర్వరులో ఉండే ఒక చిన్న ప్రోగ్రాము జవాబు చెబుతుంది. హార్డువేరు విషయంలో ఆ జవాబు చాలావరకు ఒక అంకె మాత్రమే. ఆ అంకె అర్థం తెలిసినప్పుడే సర్వరు ఆరోగ్యం తెలుస్తుంది. జవాబు రాకపోతే "అంతా బాగున్నది" అని అర్థం చేసుకోరాదు.

అవసరం

ఇంట్లో వాడే కంప్యూటరులో ఒక భాగం చెడిపోతే యంత్రం సాధారణంగా ఆగిపోతుంది. చెడిన సంగతి వెంటనే తెలుస్తుంది. సర్వరు అలా కాదు. ఒక భాగం చెడినా పని ఆగకుండా ఉండేటట్లు సర్వరులను నిర్మిస్తారు. రెండు విద్యుత్ సరఫరా యూనిట్లు ఉంటాయి. ఒకటి పోతే రెండవది మొత్తం భారాన్ని మోస్తుంది. ఒక ఫ్యాను ఆగితే మిగిలినవి వేగం పెంచుకొంటాయి. మెమొరీలో ఒక బిట్టు తప్పయితే ఇ.సి.సి అనే పద్ధతి దానిని సరిదిద్దుతుంది.

డిస్కుల విషయంలో ఈ ఏర్పాటును రెయిడ్ అంటారు. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ప్రచురించిన పత్రంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చినది. ఇందులోని 5వ స్థాయిలో, ఉదాహరణకు అయిదు డిస్కులు ఉన్నాయనుకొందాం. సమాచారంతో పాటు దాని నుండి లెక్కించిన సరిచూపు విలువలను కూడా అయిదింటిలో పంచి రాస్తారు. ఒక డిస్కు పోతే, అందులోని సమాచారాన్ని మిగిలిన నాలుగింటి నుండి తిరిగి లెక్కించవచ్చును. సర్వరు కొంత నెమ్మదించినా పనిచేస్తూనే ఉంటుంది. వాడేవారికి ఏ తేడా తెలియకపోవచ్చును. అయితే ఆ డిస్కును మార్చి, కొత్తదానిలో సమాచారం నింపడం పూర్తి కాకముందే మరొక డిస్కు పోతే, ఆ సంపుటిలోని సమాచారమంతా పోతుంది.

అంటే ఒక లోపాన్ని భరించే ఏర్పాటే ఆ లోపాన్ని కనపడకుండా కూడా చేస్తుంది. సర్వరు ముఖభాగాన ఎర్ర దీపమో, పసుపు దీపమో వెలుగుతుంది గాని, తాళం వేసిన గదిలో దానిని చూసేవారుండరు. మొదటి లోపానికీ రెండవ లోపానికీ మధ్య దొరికే వ్యవధిని వృథా కానీయకుండా చూడడమే పర్యవేక్షణ ఉద్దేశం.

చరిత్ర

1980ల చివరి భాగంలో ఇంటర్నెట్టు వేగంగా విస్తరించడంతో వేర్వేరు సంస్థల పరికరాలను ఒకే విధంగా పర్యవేక్షించవలసిన అవసరం ఏర్పడినది. 1987 నవంబరులో, గేట్‌వేలను పర్యవేక్షించడానికి ఎస్.జి.ఎం.పి అనే నియమావళిని ఆర్.ఎఫ్.సి 1028 అనే పత్రంగా ప్రచురించారు. దాని ఆధారంగా 1988 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి 1067గా ఎస్.ఎన్.ఎం.పి మొదటి రూపం వెలువడినది. 1990 మే నెలలో వచ్చిన ఆర్.ఎఫ్.సి 1157 దానికి స్థిరరూపం ఇచ్చినది. దీని రచయితలు జెఫ్రీ కేస్, మార్క్ ఫెడోర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్.

రెండవ సంచికలో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన రూపం 2సి. దీనిని 1996లో ఆర్.ఎఫ్.సి 1901లో వివరించారు. భద్రతా ఏర్పాట్లతో కూడిన మూడవ సంచిక 2002 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి 3411 నుండి 3418 వరకు గల పత్రాలుగా వెలువడినది. ప్రమాణాల దృష్ట్యా మొదటి రెండు సంచికలు ఇప్పుడు చారిత్రకమైనవిగా వర్గీకరింపబడినవి. అయినను 2సి ఇంకా చాలాచోట్ల వాడుకలో ఉన్నది.

పనిచేసే విధానం

ఈ విధానంలో మూడు అంశాలు ఉన్నాయి.

* నిర్వాహకి: ప్రశ్నలు వేసే కంప్యూటరు. దీనిని మేనేజర్ అంటారు.
* ఏజెంటు: సర్వరులో నడుస్తూ జవాబు చెప్పే ప్రోగ్రాము.
* మిబ్: ఏయే ప్రశ్నలు వేయవచ్చునో, వాటి జవాబులకు అర్థమేమిటో తెలిపే నిర్వచనాల పట్టిక. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ బేస్ అనే పేరుకు ఇది సంక్షిప్త రూపం.

ఏజెంటు యు.డి.పి 161వ పోర్టు వద్ద ప్రశ్నల కొరకు వేచి ఉంటుంది. ఏజెంటు తనంతట తాను పంపే హెచ్చరికలు నిర్వాహకి యొక్క 162వ పోర్టుకు చేరుతాయి. యు.డి.పి అనేది కార్డు ముక్క రాసి తపాలా పెట్టెలో వేయడం వంటిది. ఖర్చు తక్కువ, కాని చేరినట్లు రసీదు రాదు. దీని పర్యవసానాలను కింద "ట్రాప్‌లు" అనే విభాగంలో చూడవచ్చును.

ఓ.ఐ.డి: అంకెల చిరునామా

మిబ్‌లోని ప్రతి అంశానికి ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. దీనిని ఆబ్జెక్ట్ ఐడెంటిఫయర్, క్లుప్తంగా ఓ.ఐ.డి అంటారు. దేశం, రాష్ట్రం, జిల్లా, ఊరు, వీధి, ఇల్లు అన్న క్రమంలో చిరునామా రాసినట్లుగా, ఒక వృక్షపు వేరు నుండి కొమ్మకు, కొమ్మ నుండి రెమ్మకు సాగే అంకెల వరుస ఇది. ఉదాహరణకు 1.3.6.1 అనేది ఇంటర్నెట్టుకు చెందిన శాఖ. దాని కింద 1.3.6.1.2.1 అందరికీ ఉమ్మడియైన ప్రామాణిక అంశాల శాఖ. 1.3.6.1.4.1 ఆయా సంస్థల సొంత అంశాల శాఖ.

సంస్థలకు ఈ శాఖలో సంఖ్యలను ఐ.ఏ.ఎన్.ఏ అనే సంస్థ కేటాయిస్తుంది. ఐ.బి.ఎంకు 2, సిస్కోకు 9, కంపాక్‌కు 232, డెల్‌కు 674 కేటాయింపబడినవి. 2002లో కంపాక్‌ను హ్యూలెట్-పాకార్డ్ సంస్థ విలీనం చేసుకొన్నది. హ్యూలెట్-పాకార్డ్‌కు సొంతంగా 11 అనే సంఖ్య ఉన్నప్పటికీ, ప్రోలయంట్ సర్వరుల ఆరోగ్య వివరాలు మాత్రం 232 కిందనే కొనసాగుతున్నాయి. విలీనమై పోయిన సంస్థ సంఖ్య ఇప్పటికీ బ్రతికి ఉండడం వలన, ఈ సర్వరులను పరిశీలించేవారు 11వ శాఖలో వెదికితే ఆ వివరాలు దొరకవు.

ఒకే విలువ గల అంశాన్ని అడిగేటప్పుడు ఓ.ఐ.డి చివర సున్న చేర్చాలి. సర్వరు వర్ణన ఓ.ఐ.డి 1.3.6.1.2.1.1.1 అయితే, అడగవలసినది 1.3.6.1.2.1.1.1.0. ఫ్యానులు, డిస్కుల వంటి పట్టికలలో సున్నకు బదులు ఆ వస్తువు క్రమసూచిక వస్తుంది.

ఆదేశాలు

లినక్సు, యునిక్సు వ్యవస్థలలో నెట్-ఎస్.ఎన్.ఎం.పి అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఎక్కువగా వాడుకలో ఉన్నది. దీని మూలం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రోగ్రాము. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అది అభివృద్ధి చెంది, తరువాత ప్రస్తుత పేరు పొందినది. ఇందులోని ముఖ్యమైన ఆదేశాలివి. వీటి పేర్లన్నీ ఎస్.ఎన్.ఎం.పి అనే అక్షరాలతో మొదలవుతాయి. ఖాళీ లేకుండా ఒకే పదంగా చిన్న రోమను అక్షరాలలో టైపు చేయాలి.

* గెట్: ఒక ఓ.ఐ.డి విలువను అడుగుతుంది.
* గెట్‌నెక్స్ట్: ఇచ్చిన ఓ.ఐ.డి తరువాత వచ్చే అంశాన్ని అడుగుతుంది.
* వాక్: గెట్‌నెక్స్ట్‌ను మళ్ళీ మళ్ళీ వేస్తూ ఒక శాఖలోని విలువలన్నిటిని చూపుతుంది.
* బల్క్‌వాక్: అదే పనిని ఒక్కొక్క ప్రశ్నకు అనేక జవాబులు రప్పించి త్వరగా చేస్తుంది. ఇది రెండవ సంచిక నుండి మాత్రమే లభ్యం.
* టేబుల్: పట్టికను వరుసలు, నిలువు గళ్ళుగా చూపుతుంది.
* ట్రాన్స్‌లేట్: అంకెల ఓ.ఐ.డిని పేరుగా, పేరును అంకెలుగా మారుస్తుంది. దీనికి నెట్‌వర్కుతో పనిలేదు. మిబ్ ఫైలు ఉంటే చాలును.
* సెట్: విలువను మారుస్తుంది. పర్యవేక్షణకు దీని అవసరం లేదు.

ఒక ఆదేశంలో వరుసగా నాలుగు వివరాలు ఇస్తారు: నియమావళి సంచిక, అనుమతి పదం, సర్వరు చిరునామా, ఓ.ఐ.డి. అనుమతి పదాన్ని కమ్యూనిటీ స్ట్రింగ్ అంటారు. మూడవ సంచికలో దీనికి బదులు వాడుకరి పేరు, సంకేత పదాలు ఉంటాయి.

పరీక్షించే క్రమం

ఒక ప్రోలయంట్ సర్వరు డిస్కులను పరీక్షించే క్రమం ఉదాహరణగా ఇక్కడ ఇవ్వబడినది.

1. ముందుగా 1.3.6.1.2.1.1.2.0ను గెట్‌తో అడగాలి. ఇది ఏజెంటు ఏ రకానికి చెందినదో తెలిపే అంశం. దీనికి జవాబు వస్తే దారి, అనుమతి పదం రెండూ సరిగా ఉన్నట్లు.
2. డిస్కు నియంత్రికల మొత్తం స్థితి కొరకు 1.3.6.1.4.1.232.3.1.3.0 అడగాలి. 2 వస్తే బాగున్నది, 3 వస్తే క్షీణించినది, 4 వస్తే విఫలమైనది. 1 వస్తే స్థితిని ఏజెంటు నిర్ణయించలేకపోయినదని గ్రహించాలి.
3. 3 వచ్చినదనుకొందాం. అప్పుడు సంపుటుల స్థితి కొరకు 1.3.6.1.4.1.232.3.2.3.1.1.4 శాఖపై వాక్ వేయాలి. ఇక్కడ 5 వస్తే ఆ స్థితికి మిబ్‌లో "కోలుకొంటున్నది" అనే అర్థం గల పేరు ఉన్నది. ఈ పేరు చూసి నిశ్చింతగా ఉండరాదు. కనీసం ఒక డిస్కు పోయినదనీ, మిగిలిన డిస్కుల సాయంతో సంపుటి తాత్కాలికంగా నెట్టుకొస్తున్నదనీ దాని నిర్వచనం. కొత్త డిస్కులో సమాచారం నిజంగా నింపుతున్నప్పుడు వచ్చే అంకె 7.
4. ఏ డిస్కు పోయినదో తెలుసుకొనుటకు 1.3.6.1.4.1.232.3.2.5.1.1.6 శాఖపై వాక్ వేయాలి. 2, 2, 3, 2, 2 అని వస్తే మూడవ వరుసలోని డిస్కు విఫలమైనది. 4 వస్తే ఆ డిస్కు ఇంకా పనిచేస్తున్నది గాని త్వరలో విఫలం కావచ్చునని అర్థం.

మొత్తం నుండి భాగానికి, భాగం నుండి వస్తువుకు సాగే ఈ క్రమమే ఫ్యానులకు, ఉష్ణోగ్రతకు, విద్యుత్ సరఫరాకు కూడా వర్తిస్తుంది. వాటి మొత్తం స్థితి 1.3.6.1.4.1.232.6.1.3.0 వద్ద లభిస్తుంది.

అంకెల అర్థం

ఒకే అంకెకు అన్ని సంస్థల సర్వరులలో ఒకే అర్థం లేదు. ఈ తేడా ప్రాణాంతకం కాకపోయినా, సమాచారానికి అంతపనీ చేయగలదు.

* కంపాక్ శాఖలో: 1 ఇతరం, 2 బాగున్నది, 3 క్షీణించినది, 4 విఫలమైనది.
* డెల్ శాఖలో: 1 ఇతరం, 2 తెలియదు, 3 బాగున్నది, 4 స్వల్ప లోపం, 5 తీవ్ర లోపం, 6 కోలుకోలేనిది.
* ప్రామాణిక హోస్ట్ రిసోర్సెస్ మిబ్‌లో పరికరాల స్థితి: 1 తెలియదు, 2 నడుస్తున్నది, 3 హెచ్చరిక, 4 పరీక్షలో ఉన్నది, 5 ఆగినది.

డెల్ సర్వరులో 3 అంటే క్షేమం. ప్రోలయంట్ సర్వరులో అదే 3 అంటే ఏదో ఒక భాగం పోయినది. డెల్ కొరకు రాసిన తనిఖీని యథాతథంగా ప్రోలయంట్‌కు వాడితే, చెడిపోతున్న సర్వరు క్షేమంగా ఉన్నదని నివేదిక వస్తుంది. అందువలన అంకెను ఎప్పుడూ దాని మిబ్ నిర్వచనంతో కలిపి చదవాలి.

కొలతల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రతను కంపాక్ శాఖ నేరుగా సెల్సియస్ డిగ్రీలలో చెబుతుంది. డెల్ శాఖ డిగ్రీలో పదవ వంతులలో చెబుతుంది. 230 అంటే 23 డిగ్రీలు. లినక్సులోని సెన్సారుల విలువలను నెట్-ఎస్.ఎన్.ఎం.పి డిగ్రీలో వెయ్యవ వంతులలో చెబుతుంది; 45000 అంటే 45 డిగ్రీలు. ఈ చిక్కును తీర్చడానికి 2002లో ఆర్.ఎఫ్.సి 3433 ద్వారా ఎంటిటీ సెన్సార్ మిబ్ అనే ప్రమాణం వచ్చినది. అందులో ప్రతి కొలతతో పాటు దాని రకం, ప్రమాణం, దశాంశ స్థానాల సంఖ్య వేర్వేరు అంశాలుగా ఉంటాయి.

సర్వరు ఎంతకాలంగా నడుస్తున్నదో తెలుసుకొనేటప్పుడు కూడా పొరపాటు పడవచ్చును. 1.3.6.1.2.1.1.3.0 వద్ద వచ్చే కాలం సర్వరుది కాదు, ఏజెంటు మొదలైనప్పటి నుండి గడచినది. సర్వరు కాలం 1.3.6.1.2.1.25.1.1.0 వద్ద ఉంటుంది. ఈ రెండూ సెకనులో నూరవ వంతులలో లెక్కించే 32 బిట్ల సంఖ్యలు. అందువలన సుమారు 497 రోజులకు మళ్ళీ సున్న నుండి మొదలవుతాయి. యంత్రం ఆగి మళ్ళీ మొదలైనదని అప్పుడు భ్రమపడరాదు.

ట్రాప్‌లు, పోలింగు

హార్డువేరు స్థితిని తెలుసుకొనే మార్గాలు రెండు. నిర్వాహకి నిర్ణీత వ్యవధిలో ప్రశ్నలు వేయడం పోలింగు. ఎన్నికల పోలింగుకూ దీనికీ సంబంధం లేదు. ఏదైనా జరిగినప్పుడు ఏజెంటే స్వయంగా తెలపడం ట్రాప్.

ట్రాప్ వలన వార్త త్వరగా తెలుస్తుంది. కాని దానికి రసీదు లేదు. డిస్కు పోయిన క్షణంలో నెట్‌వర్కు స్విచ్చి పనిచేయకపోతే, ఆ ట్రాప్ దారిలోనే పోతుంది. తనది చేరలేదని ఏజెంటుకు తెలియదు, రావలసినది రాలేదని నిర్వాహకికీ తెలియదు. రెండవ సంచికలో చేర్చిన ఇన్‌ఫామ్ అనే సందేశానికి రసీదు ఉన్నది. రసీదు రాకపోతే ఏజెంటు దానిని మళ్ళీ పంపగలదు. అయినా సర్వరు పూర్తిగా ఆగిపోతే ట్రాప్ గాని, ఇన్‌ఫామ్ గాని బయలుదేరనే లేవు.

పోలింగులో వార్త ఆలస్యం కావచ్చును. అయిదు నిమిషాలకొకసారి అడిగితే, ఆలస్యం దాదాపు అయిదు నిమిషాల వరకు ఉంటుంది. అయితే ఒకసారి తప్పిపోయిన సంగతి తరువాతి ప్రశ్నలో దొరుకుతుంది. పోయిన డిస్కును మార్చేవరకు జవాబు 3గానే ఉంటుంది కదా. అందువలన ట్రాప్‌లను త్వరిత వార్తగాను, పోలింగును నమ్మకమైన ఆధారంగాను రెండింటినీ కలిపి వాడడం మంచి పద్ధతి.

జవాబు రానప్పుడు

సమయం మించినదని, అనగా టైమవుట్ అని వస్తే కారణాలు అనేకం. సర్వరు ఆగిపోయి ఉండవచ్చును. ఏజెంటు మాత్రమే ఆగి ఉండవచ్చును. దారిలోని ఫైర్‌వాలు 161వ పోర్టును అడ్డగించి ఉండవచ్చును. అనుమతి పదం తప్పయినా ఇదే ఫలితం. ఎందుకంటే తప్పు పదంతో వచ్చిన ప్రశ్నను ఏజెంటు తిరస్కరించినట్లు కూడా చెప్పక, జవాబివ్వకుండా వదిలివేస్తుంది.

దీనికంటె గుర్తించడం కష్టమైనది పాక్షిక మౌనం. ప్రధాన ఏజెంటు ఒకటి, హార్డువేరు వివరాలు సేకరించే సంస్థ ప్రోగ్రాము మరొకటి అయిన సర్వరులలో, రెండవది మాత్రమే ఆగిపోవచ్చును. అప్పుడు సర్వరు పేరు, వర్ణన అడిగితే జవాబు వస్తుంది. 232 లేదా 674 శాఖను అడిగితే "అటువంటి అంశం లేదు" అని వస్తుంది. పేరు మాత్రమే అడిగే తనిఖీకి ఈ సర్వరు ఆరోగ్యంగా కనిపిస్తుంది. లోపాన్ని చూసే కన్ను మూసుకొన్నదని ఎవరికీ తెలియదు.

ఈ కారణం చేతనే నాగియోస్ వంటి పర్యవేక్షణ సాఫ్టువేరులో తనిఖీ ఫలితాలను నాలుగు విధాలుగా విభజించారు: 0 బాగున్నది, 1 హెచ్చరిక, 2 తీవ్రం, 3 తెలియదు. తనిఖీ రాసేవారు రాని జవాబును, అర్థంకాని జవాబును 0లో చేర్చక 3లో చేర్చాలి. "తెలియదు" అనేదానిని కూడా ఎవరైనా వెళ్ళి చూడవలసిన స్థితిగా పరిగణించాలి.

ఆపరేటింగు వ్యవస్థ స్తంభించినప్పుడు అందులోని ఏజెంటు కూడా మూగబోతుంది. దీనికి పరిష్కారంగా సర్వరు బోర్డుపైనే విడిగా పనిచేసే ఒక చిన్న నియంత్రిక ఉంటుంది. హ్యూలెట్-పాకార్డ్ సర్వరులలో దీని పేరు ఐలో, డెల్ సర్వరులలో ఐడ్రాక్. వీటి కొత్త తరాలు ఎస్.ఎన్.ఎం.పి ప్రశ్నలకు స్వయంగా జవాబు చెప్పగలవు. విద్యుత్ అందుతున్నంత వరకు, ప్రధాన వ్యవస్థ ఆపి ఉన్నా ఇవి పనిచేస్తాయి.

భద్రత

మొదటి సంచికలోను, 2సిలోను అనుమతి పదం ఏ మరుగూ లేకుండా నెట్‌వర్కుపై ప్రయాణిస్తుంది. దారిలో వినగలిగినవారెవరైనా దానిని చదవవచ్చును. చదివే అనుమతికి పబ్లిక్, మార్చే అనుమతికి ప్రైవేట్ అనే పదాలను పరికరాలలో ముందే అమర్చి అమ్మడం చాలాకాలం వాడుకలో ఉండేది. వీటిని మార్చకుండా వదిలివేస్తే తలుపుకు తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించినట్లగును.

2002 ఫిబ్రవరిలో, ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయ పరిశోధకులు అనేక సంస్థల ఎస్.ఎన్.ఎం.పి సాఫ్టువేరులలో గుర్తించిన లోపాలపై అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం హెచ్చరిక ప్రకటించినది. ఆ సంవత్సరాంతంలోనే ప్రమాణంగా వెలువడిన మూడవ సంచికలో మూడు స్థాయిలు ఉన్నాయి: గుర్తింపు పరీక్ష లేనిది, గుర్తింపు పరీక్ష మాత్రమే ఉన్నది, గుర్తింపు పరీక్షతో పాటు సందేశాన్ని గూఢలిపిలోకి మార్చేది. చివరి స్థాయిని వాడడం ఉత్తమం.

పాటించవలసిన కనీస జాగ్రత్తలు:

* పర్యవేక్షణకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి.
* నిర్వాహకి చిరునామా నుండి వచ్చే ప్రశ్నలకే జవాబిచ్చేటట్లు ఏజెంటును అమర్చాలి.
* 161వ పోర్టును బహిరంగ ఇంటర్నెట్టుకు తెరచి ఉంచరాదు.

పరిమితులు

ఎస్.ఎన్.ఎం.పి సెన్సారులు గుర్తించిన దానినే చెప్పగలదు. 2007లో గూగుల్ సంస్థకు చెందిన పిన్హీరో, వెబర్, బరోసో అనే పరిశోధకులు పెద్దసంఖ్యలో డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. విఫలమైన డిస్కులలో 56 శాతానికి పైగా, వైఫల్యాన్ని బలంగా సూచించే నాలుగు స్మార్ట్ సంకేతాలలో ఒక్కటి కూడా చూపలేదని వారు తెలిపారు. కావున ముందస్తు హెచ్చరిక వస్తే దానిని పట్టించుకోవాలి, కాని రానంతమాత్రాన డిస్కు క్షేమమని భావించరాదు. పర్యవేక్షణ ఎంత బాగున్నా, సమాచారానికి వేరొక చోట ప్రతి ఉంచుకొనే పని తప్పదు.

ఇదే ప్రయోజనానికి ఉపయోగపడే ఇతర విధానాలు కూడా ఉన్నాయి. 1998లో ఇంటెల్, హ్యూలెట్-పాకార్డ్, ఎన్.ఇ.సి, డెల్ సంస్థలు ఐ.పి.ఎం.ఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. 2015లో డి.ఎం.టి.ఎఫ్ అనే సంస్థ రెడ్‌ఫిష్ అనే ప్రమాణాన్ని విడుదల చేసినది. ఇది వెబ్ పద్ధతిలో పనిచేస్తూ, స్థితిని అంకెలకు బదులు పదాలలో తెలుపుతుంది. కొత్త సర్వరులలో రెడ్‌ఫిష్ వాడుక పెరిగినప్పటికీ, సర్వరులతో పాటు స్విచ్చులు, రూటర్లు, యు.పి.ఎస్‌లు, ప్రింటర్లు అన్నిటినీ ఒకే విధంగా ప్రశ్నించగల సౌలభ్యం వలన ఎస్.ఎన్.ఎం.పి వాడుక కొనసాగుతున్నది.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు నెట్‌వర్కు
* సర్వరు
* రెయిడ్
* యు.డి.పి
* నాగియోస్